డాక్టర్ సలహా: ముక్కు సంగతి సరే, ముందు ఆ మడమ చూపించండి

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్ దగ్గర పల్లె. వయసు 61. మాస్టారుగా రిటైరై ఇప్పుడు పత్తి వేస్తున్నాను. నిరుడు ముక్కు పక్కన మానని పుండుకు విశాఖలో ఆపరేషన్ చేశారు. బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అని రిపోర్టు వచ్చింది. మొత్తం తీసేశామని, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పారు. బాగానే ఉంది కదా అని మళ్లీ వెళ్లలేదు. వంకాయ, చేపలు, కోడి తినవచ్చా? మనవలను ఎత్తుకుంటే వాళ్లకు అంటుకుంటుందా? పొలానికి వెళ్లేటప్పుడు ఏ సన్‌స్క్రీన్ రాసుకోవాలి? ఎడమ మడమ కింద నల్లటి ఆనెకాయ ఒకటి ఎనిమిది నెలలుగా ఉంది. కార్న్ క్యాప్ వేసి, బ్లేడుతో కొంచెం గీస్తే రక్తం వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాను. దాని గురించి టెన్షన్ ఏమీ లేదు.

జవాబు: మాస్టారూ, టెన్షన్ లేదని మీరు రాసిన ఆ మడమ గురించే నాకు టెన్షన్. అడిగినవి ముందు చెప్పేస్తాను. వంకాయ, చేపలు, కోడి అన్నీ తినండి, ఈ జబ్బుకు పథ్యం ఏమీ లేదు. షుగరు, బీపీ ఉంటే వాటి పథ్యం వేరు. అవి ఉన్నాయో లేదో మీరు రాయలేదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, మనవలను హాయిగా ఎత్తుకోండి. సన్‌స్క్రీన్ గురించి కింద చెబుతాను.

ఇక మడమ సంగతి. ఆనెకాయ మామూలుగా నల్లగా ఉండదు. ఒత్తిడి పడే చోట చర్మం పసుప్పచ్చగా గట్టిపడుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. నల్లగా ఉందంటే ముల్లు గుచ్చుకుని లోపల గడ్డకట్టిన రక్తం కావచ్చు, పులిపిరి కావచ్చు, మీరు ఇన్నాళ్లూ గమనించని పుట్టుమచ్చ కావచ్చు. ఓపీలో ఎక్కువగా కనిపించేవి ఇవే. కానీ రక్తపు మచ్చ అయితే చర్మం పెరిగేకొద్దీ పైకి వచ్చి వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో రాలిపోవాలి. మీది ఎనిమిది నెలలైనా పోలేదు. ఇదివరకే ఒక చర్మ క్యాన్సర్ వచ్చిన మనిషి, వయసు 61, అరికాలిలో నల్లమచ్చ, పైగా రక్తం. ఇలాంటి మచ్చను మెలనోమా (వేరే అవయవాలకు పాకే చర్మ క్యాన్సర్) కాదని తేలేదాకా ఏ చర్మవైద్యుడూ వదలడు. చూడకుండా అవునని గానీ కాదని గానీ నేను చెప్పలేను. చూసినా కంటితో తేలకపోవచ్చు, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) కావాల్సి రావచ్చు.

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బని, ఎండ తగిలిన చోటే వస్తుందని చాలామంది అనుకుంటారు. మీ ముక్కు విషయంలో ఎండకు పాత్ర ఉండే ఉంటుంది. బేసల్ సెల్ రకం నెమ్మదిగా పెరుగుతుంది, వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. మెలనోమా పాకే రకం. మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లకు అది వస్తే ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. అక్కడ ఎండ ఊసే లేదు. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36 ఏళ్లకే ఆయన పోయారు.

మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. నా కోపం కార్న్ క్యాప్ మీద, ట్యూబు మీద. కార్న్ క్యాప్‌లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ చర్మాన్ని మెత్తబరిచి కరిగిస్తుంది. పైన మచ్చ చెదిరిపోతుంది, అసలు జబ్బు ఉంటే కింద అలాగే ఉంటుంది. తర్వాత డెర్మోస్కోపు అనే భూతద్దం లాంటి పరికరంతో చూసే డాక్టరుకు మచ్చ రూపురేఖలే అందవు. మన సరిహద్దు ఊళ్లలో ఇంకా చాలా నడుస్తున్నాయి. పులిపిరికి వెంట్రుక కట్టి బిగిస్తారు, సున్నం, సోడా కలిపి పెడతారు, పలాస వైపు జీడిపిక్కల నూనెతో కాలుస్తారు. బ్యూటీ పార్లర్‌లో పుట్టుమచ్చ కాల్పించుకుని ఆరు నెలలకు మా దగ్గరకు వచ్చేవారు ఉంటారు. కాలిపోయిన మచ్చను మైక్రోస్కోపు కింద పెట్టలేం కదా. ఇక ఆ ట్యూబు. పేరు మీరు రాయలేదు గానీ, ఇలా ఇచ్చేవి చాలావరకు స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినవే. ఎరుపు తగ్గుతుంది, దురద తగ్గుతుంది, నయమైపోతోందని అనిపిస్తుంది. 2018లో కేంద్రం అలాంటి పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. పిల్లలకు సొంత వైద్యం వద్దని చెప్పే మాస్టారే ఈ పని చేస్తే ఎలా?

బ్లేడు ఇంకెప్పుడూ పెట్టకండి. అరికాలిలో స్పర్శ సరిగా తెలుస్తోందో లేదో దూదితో తాకి చూసుకోండి. తెలియకపోతే షుగరు వల్లనో, కుష్టు వల్లనో నరం దెబ్బతిని ఉండవచ్చు, దానికి వేరే పరీక్షలు కావాలి. ఎడమ గజ్జల్లో బిళ్ల కట్టిందేమో తడిమి చూడండి. కట్టి ఉంటే అది పుండు వల్ల కూడా కావచ్చు. కానీ ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని, ముక్క తీయనివ్వొద్దని ఎవరో ఒకరు మీకు చెబుతారు. అది నిజం కాదు. వీలైతే మచ్చ మొత్తాన్ని సన్నటి అంచుతో సహా తీసి పరీక్షకు పంపుతారు, పెద్దదైతే ఒక ముక్క తీస్తారు. తీసింది ఏదైనా ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) సీసాలో ల్యాబ్‌కు వెళ్లాలి. 'చిన్నదే, పారేశాం' అంటే ఒప్పుకోకండి. ఒకవేళ మెలనోమానే అయితే రిపోర్టులో మందం ఎన్ని మిల్లీమీటర్లో రాస్తారు. 1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. మందం పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. ఎనిమిది నెలలు అన్నప్పుడు నేను ఉలిక్కిపడింది అందుకే.

ముక్కు కూడా మర్చిపోకండి. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవారికి ఆ అంచులోనే మళ్లీ రావచ్చు, వేరేచోట కొత్తది రావచ్చు. ఆరు నెలలకోసారి రమ్మన్నది అందుకే, ఫీజు కోసం కాదు. వెళ్లినప్పుడు ముక్కు ఒక్కటే చూపించి వచ్చేయకుండా, తల నుంచి కాలి దాకా చూడమని అడగండి. ఇంట్లో నెలకోసారి స్నానం చేశాక పగటి వెలుతురులో మీరూ చూసుకోండి. చెవుల వెనక, మాడు, వేళ్ల సందులు, గోళ్లు, అరికాళ్లు. వీపు మీ ఇంటావిడ చూస్తారు, ఆవిడది మీరు చూడండి. నడుము దగ్గర మొలతాడు, పంచె, లంగా బొందు రాసుకునే చోట నల్లబడటం మామూలే, పుండు పడితే మాత్రం చూపించాలి. అలా నడుము దగ్గర వచ్చే క్యాన్సర్‌ను బొంబాయి డాక్టర్లు 1945లోనే రాసిపెట్టారు. పాత కాలిన మచ్చలో కొత్తగా పుండు లేచినా అంతే. ఇంట్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడ ఎవరైనా ఉంటే, అది చర్మం కాకపోయినా, అంగిలి కూడా చూపించండి. ఏ మచ్చ అయినా ఆకారం, రంగు, సైజు మారుతుంటే, ఏ పుండైనా నెల దాటినా మానకపోతే ఆగొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే వచ్చే నెల పోల్చుకోవచ్చు. ఆ ఫొటో వాట్సాప్‌లో పంపి వైద్యం అడగడం మాత్రం వద్దు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైది ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. చెమటకు పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి రాయాలి. పత్తి చేలో అది కుదిరే పని కాదని నాకూ తెలుసు. వెడల్పు అంచు టోపీ, ఫుల్ చేతుల చొక్కా, మిట్టమధ్యాహ్నం నీడ పట్టున ఉండటం అంతకంటే నమ్మకమైనవి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ వీలు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల విభాగం ఉంది. విశాఖ అలవాటైతే కేజీహెచ్ ఉంది, క్యాన్సర్ అని తేలితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 2025 నుంచి ఒడిశాలో గోపబంధు జన ఆరోగ్య యోజన అనే రాష్ట్ర ఆరోగ్య పథకం కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌తో కలిసి నడుస్తోంది. మీ కార్డు రాష్ట్రం దాటి మీరు వెళ్లే ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో బయలుదేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి. పత్తి తీత అయ్యాక వెళ్దామనుకోకండి, ఈ వారమే వెళ్లండి. నిరుటి బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకోండి. 'ఏదో తెల్ల ట్యూబు' అంటే మాకేమీ అర్థం కాదు.