గేటు చప్పుడు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపింది రెండుసార్లు చదివాను. ఆ చిన్న అక్షరాల మీద వేళ్లతో కొట్టడం నా వల్ల కాదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మీ అత్తయ్య ఫొటో తీసి పంపుతుంది.

బావ పోయి ఐదు నెలలైంది. ఈలోగా బౌద్ధం మీద దొరికిందల్లా చదివినట్టున్నావు. ‘దుఃఖానికి మూలం అవిద్య అని అర్థమైంది, ఏదీ నిలవదనీ తెలిసింది. అయినా సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడైతే నాన్నే అనుకుని లేచి నిలబడుతున్నాను. మరి నేను చదివిందేమైనట్టు మామయ్యా?’ అని అడిగావు. దానికే జవాబు రాస్తాను. మిగతావి నువ్వొచ్చాక మాట్లాడుకుందాం.

పరామర్శకు వచ్చినవాళ్లెవరో ‘అంతా మాయ, ఏడవకూడదు’ అన్నారని రాశావు. ఆ మాట బుద్ధుడి ఖాతాలో వెయ్యకు. జగమంతా మిథ్య అనడం అద్వైత వేదాంతం వైపు మాట, దాని సంగతి వేరు. ఈయన మొదలుపెట్టిందే దుఃఖం ఉందన్న సత్యంతో. మీ నాన్న ఉన్నాడు, పోయాడు, నీకు బాధగా ఉంది. ఇందులో మాయ ఏదీ లేదు.

అవిద్య అనగానే మనకు చదువు లేకపోవడం గుర్తొస్తుంది. బుద్ధుడి బోధలు రాసిపెట్టిన పాళీ భాషలో అది అవిజ్జా. దుఃఖం, దాని పుట్టుక, అది ఆగిపోవడం, ఆపే దారి, ఈ నాలుగూ తెలియకపోవడమే అవిజ్జా అని ఆ బోధల సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయం చెబుతుంది. నువ్వు ఇవి నాలుగూ గడగడా చెప్పగలవు. మరి ఎక్కడ అడ్డుపడింది? ఇంకో సంపుటం అంగుత్తర నికాయంలో చిన్న సుత్తం, అంటే బోధ, ఒకటుంది, నాకు చాలా ఇష్టం. మనిషి తలకిందులుగా చూసేవి నాలుగట: నిలవనిదాన్ని నిలిచేదనీ, దుఃఖాన్ని సుఖమనీ, నేను కానిదాన్ని నేననీ, అశుభాన్ని శుభమనీ. ఈ తిరగబడటం మూడు చోట్ల జరుగుతుంది. దృష్టిలో, అంటే మన అభిప్రాయంలో. చిత్తంలో, అంటే ఆలోచనలో. ఇంకా సంజ్ఞలో, అంటే చూడగానే, వినగానే ‘ఇది ఫలానా’ అని గుర్తుపట్టే చోట. పుస్తకం చదివితే అభిప్రాయం మారుతుంది, నీది మారింది కూడా. గేటు కిర్రుమంటే నాన్న అని గుర్తుపట్టడం మాత్రం నీకు పాకే వయసు నుంచీ ఉన్న అలవాటు. నువ్వు చదివిన కబురు ఇంకా అక్కడిదాకా చేరలేదు. ఇందులో నీ తప్పేమీ లేదు.

గంగ ఒడ్డున చెప్పిన ఇంకో సుత్తంలో సంజ్ఞను మండువేసవి మధ్యాహ్నం ఎండమావితో పోల్చాడు. ఎండమావి అని తెలిసినవాడి కంటికీ అక్కడ నీళ్లే కనిపిస్తాయి కదా. అందులోనే సంస్కారాలను, అంటే మనసు కట్టుకునే సంకల్పాలను, అరటి బోదెతో పోల్చాడు. చేవ కోసం అడవికి వెళ్లినవాడు నిటారుగా ఉన్న అరటిని కొట్టి, పొర తరవాత పొర విప్పుకుంటూ పోతే మెత్తని కర్ర కూడా దొరకదు, ఇంక చేవ ఎక్కడిది? మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. అరటి తోటలో పెరిగినవాణ్ణి, బోదె మధ్యలో దూట, అదే తెల్లటి కాడ, ఉంటుందని తెలియదా! తరవాత పాళీ పదం చూస్తే, లోపల పువ్వు కాడ ఇంకా ఏర్పడని లేత చెట్టు అనే ఉంది. ఎంత చూసి చెప్పాడో అనిపించింది. మర్నాడు పెరట్లో గెల వెయ్యని చెట్టొకటి కొట్టి విప్పాను. కార్తీకంలో దీపాలు వదులుతామే, ఆ డొప్పలే, ఒకదానిలో ఒకటి, నీళ్లు కారుతూ. చివరికి వేలంత లేత ఆకు చుట్ట మిగిలింది.

‘రెండు రోజులు ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే’ అని నువ్వు రోజూ మోస్తున్నావే, దాన్నీ ఒకసారి అలా విప్పి చూడు. చెట్టంత లావుగా కనిపిస్తోంది ఇప్పుడు.

నా సంగతీ చెబుతాను. 1996 నవంబరు తుఫానుకు మా నాన్న నాటిన కొబ్బరి చెట్లు 42 పడిపోయాయి. తుఫాను వాటిని ఒక్క రాత్రే పడగొట్టింది. నేను సంక్రాంతి దాకా రోజూ రాత్రి పడగొట్టాను. పడుకుని, కాలవ గట్టు వైపు నుంచి లెక్కపెట్టేవాణ్ణి. నలభై రెండూ అయ్యేదాకా నిద్ర పట్టేది కాదు. బాధ అనే బాణం తగిలినవాడు దాన్ని తలుచుకుని కుమిలి రెండో బాణం కూడా తగిలించుకుంటాడని ఒక సుత్తం ఉంది, చాలా ఏళ్లకు చదివాను. నేను రెండోదానితో ఆగలేదు.

ఇక చెయ్యాల్సింది. అవిద్య నుంచి దుఃఖం దాకా ఒకదాన్నుంచి ఒకటి పుట్టే పన్నెండు మెట్లు, ఆ నిదానాలన్నీ బట్టీ పట్టకు. మధ్యలో నాలుగు చాలు: స్పర్శ, వేదన, తృష్ణ అంటే కావాలనిపించడం, ఉపాదానం అంటే దాన్ని పట్టుకుని వదలకపోవడం. ఇక్కడ వేదన అంటే మన తెలుగు వేదన కాదు. హాయిగా ఉన్నా, బాధగా ఉన్నా, ఏమీ అనిపించకపోయినా అన్నీ వేదనలే. సాయంత్రం ఆరుకి పది నిమిషాల ముందు వరండాలో కూర్చో. గేటు చప్పుడైతే వెంటనే లేవకు. ముందు వచ్చింది చప్పుడు. తరవాత గుండెల్లో ఏదో కదులుతుంది, గొంతు బిగుస్తుంది. అక్కడ ఆగి చూడు. ‘నాన్న రావాలి’ అన్నది ఇంకా పుట్టి ఉండదు, పుడుతూ ఉంటుంది. ఆ సందు చాలా చిన్నది. మొదటి పది రోజులు దొరకదు, నాకైతే చాలాకాలం దొరకలేదు. ఏడుపొస్తే ఏడువు. తరవాత ఎవరొచ్చారో చూడు: పాలబ్బాయా, పక్కింటి పిల్లా, గాలా.

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్తానన్నావు. హైదరాబాద్‌లో సాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త మంచి చోటు. తెల్లారుజామున నాలుగింటికి లేవడం, మాటలుండవు, ఫోనుండదు, ఫీజూ ఉండదు. మొదటి మూడు రోజులు శ్వాసే. కానీ ఇప్పుడే వద్దంటాను. ఈ పచ్చి మీద పది రోజుల మౌనం అందరికీ పడదు, పైగా అక్క ఒక్కతీ అయిపోతుంది. సంవత్సరీకం అయ్యాక వెళ్లు. నిద్రమాత్రలు వాడుతున్నావేమో, ఆ దరఖాస్తులో దాచకుండా రాయి.

గేటు మార్పిస్తానని, కనీసం బందులకు నూనె అయినా వేయిస్తానని రాశావు చూడు, అది మాత్రం ఇప్పుడే చెయ్యకు. కిర్రుమననీ.

పండక్కి అక్కను తీసుకుని రా. పెరట్లో గెల దింపేది ఒకటుంది. బోదె నువ్వే విప్పుదువుగాని. దాన్లో దూట ఉంటుంది, మీ అత్తయ్య ఆవ పెట్టి వండుతానంటోంది.

మీ మామయ్య