క్లమీడియా పాజిటివ్ వస్తే భార్యాభర్తల్లో ఎవరో ఒకరు దారి తప్పినట్టేనా?

మీరు అడిగింది ఇదీ: పెళ్ళయి ఎనిమిది నెలలైంది, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, పరీక్షలో క్లమీడియా (శారీరక సంబంధం వల్ల సోకే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్) పాజిటివ్ వచ్చింది, మీవారు "ఎవరి దగ్గర అంటించుకున్నావ్" అంటున్నారు. అది ఎప్పుడు సోకిందో రిపోర్టు చూస్తే తెలుస్తుందా అని. తెలియదండీ. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ ల్యాబ్ వాళ్ళూ చెప్పలేరు. ముందు ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి.

నాకూ ఇలాగే బయటపడింది. నాది రెండో పెళ్ళి. పిల్లల కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, గర్భసంచి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రేకి ముందు స్వాబ్ (దూది పుల్లతో లోపలి నుంచి తీసే నమూనా) తీయించారు. లోపల ఇన్‌ఫెక్షన్ ఉండగా ఆ ఎక్స్‌రే కోసం గర్భసంచిలోకి మందు ఎక్కిస్తే అది పైకి పాకే ప్రమాదం ఉంటుందట. నాకు మంట లేదు, నొప్పి లేదు. అప్పుడప్పుడు తెల్లబట్ట కాస్త ఎక్కువయ్యేది. వేడి చేసిందని మా అమ్మ బార్లీ నీళ్ళు తాగించేది, అంతే. రిపోర్టు రాగానే డాక్టరమ్మ మావారిని లోపలికి పిలిపించి నా పక్కన కూర్చోబెట్టారు. "ఇది మీలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నేను చెప్పలేను, మీరూ తేల్చుకోలేరు. మందు మాత్రం ఇద్దరూ వేసుకోవాలి" అని రెండు మందుల చీటీలు రాశారు. ఒకదాని మీద నా పేరు, ఒకదాని మీద ఆయన పేరు. ఆ రెండో చీటీ వల్లే మా ఇంట్లో గొడవ మొదలు కాకుండా ఆగిందని నా నమ్మకం.

ఎందుకు తేల్చలేరంటే, ఈ బ్యాక్టీరియా మన కణాల లోపలికి దూరి గుట్టుగా పెరుగుతుంది. సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి, మగవాళ్ళలో సుమారు సగం మందికి ఏ లక్షణమూ కనపడదు. మందు పడకపోతే నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటి కూడా ఉండిపోతుంది. అంటే పెళ్ళికి ముందు మీ ఇద్దరిలో ఎవరికి సోకినా ఇప్పుడు బయటపడొచ్చు. ముందు పరీక్ష చేయించుకున్నది మీరు కాబట్టి నింద మీ మీద పడింది. ఆయన నుంచే మీకు వచ్చి ఉండొచ్చు కూడా. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15-49 ఏళ్ళ వాళ్ళలో 12.9 కోట్ల కొత్త కేసులు వచ్చాయి. అయితే తువ్వాలు వల్లో బాత్రూం వల్లో రాదు. శారీరక సంబంధం వల్లే వస్తుంది, లేదా కాన్పులో తల్లి నుంచి బిడ్డకు.

ఇంకో సంగతి. మీ రిపోర్టు తీసి అది ఏ పరీక్షో చూడండి. రక్తం తీసి చేసిన "ఐజీజీ" అయితే అది యాంటీబాడీల పరీక్ష. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా పాజిటివ్ చూపించొచ్చు. ఊపిరితిత్తులకు సోకే వేరే రకం క్లమీడియా వల్ల కూడా ఒక్కోసారి అలా వస్తుంది. ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉందని నమ్మాలంటే స్వాబ్ మీద గానీ మూత్రం మీద గానీ పీసీఆర్ (నేరుగా ఆ బ్యాక్టీరియా జన్యు పదార్థాన్నే వెతికే పరీక్ష) చేయాలి. మా బంధువులమ్మాయి ఐజీజీ కాగితం పట్టుకుని అత్తింట్లో పెద్ద పంచాయితీ పెట్టారు. తర్వాత పీసీఆర్ నెగెటివ్ వచ్చింది. అన్న మాటల్ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నాకిప్పటికీ కోపమే.

మందు సులువే. మామూలుగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాస్తారు. గర్భం ఉంటే అది పనికిరాదు, అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకేసారి ఇస్తారు. నెల తప్పి ఉంటే ముందే చెప్పండి, మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు. డాక్సీ వేసుకున్నాక వెంటనే పడుకోకూడదు. మావారు రాత్రి గుక్కెడు నీళ్ళతో మింగి నడుం వాల్చారు, తెల్లారేసరికి గొంతు దగ్గర్నుంచి ఒకటే మంట. గ్లాసు నిండా నీళ్ళు తాగి అరగంటైనా కూర్చోవాలి. ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు, పాలు దానితో కలిపి తీసుకోవద్దు. ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా, అజిత్రోమైసిన్ ఒకేసారి వేసుకుంటే ఆ తర్వాత 7 రోజులదాకా కలవకూడదు. ఒకరే వేసుకుంటే మళ్ళీ అంటుకుంటుంది. నాలుగు వారాల లోపే పీసీఆర్ చేయిస్తే చచ్చిన బ్యాక్టీరియా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు, కంగారు పడొద్దు. 3 నెలలకు మళ్ళీ చేయించండి. పనిలో పనిగా హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఇద్దరూ చేయించుకోండి.

డబ్బు ఇబ్బందైతే జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్‌లు ఉంటాయి. కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, మందులు ఉచితం. అక్కడ ఎక్కువగా లక్షణాలను బట్టి రంగు రంగుల కిట్లు ఇస్తారు. బూడిద రంగు దానిలో అజిత్రోమైసిన్‌తో పాటు గనేరియా అనే మరో సుఖవ్యాధికి పనిచేసే సెఫిక్సిమ్ ఉంటుంది. మీకు లక్షణాలు లేవు కాబట్టి రిపోర్టు తప్పకుండా పట్టుకెళ్ళండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 1097కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

లక్షణాలు లేవని మాత్రం వదిలేయొద్దు. ముదిరితే ట్యూబులు దెబ్బతిని పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదమూ ఉంది. పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా, నెల తప్పి ఒకపక్క నొప్పి మొదలైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మావరకు ముందే దొరికింది, ట్యూబులు బాగానే ఉన్నాయి.

మీవారు డాక్టర్ దగ్గరికి రానని మొండికేస్తే, వృషణాల దగ్గర వాపు, నొప్పి ఆయనకూ రావచ్చని చెప్పండి. అప్పటికీ రాకపోతే ఆయనకున్న అలర్జీలు, వాడే మందులు కాగితం మీద రాసుకెళ్ళి, ఆయన చీటీ కూడా మీకే ఇవ్వమని అడగండి. కొందరు డాక్టర్లు ఇస్తారు.