48 వోల్టుల బ్యాటరీ, 5 వోల్టుల పరికరం

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ సైకిల్‌లోని 48 వోల్టుల లిథియం బ్యాటరీతో 5 వోల్టుల జీపీఎస్ పరికరాన్ని నడపాలనుకుంటున్నాను. 7805 ఐసీ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 7805 అనేది 5 వోల్టులు ఇచ్చే లీనియర్ రెగ్యులేటర్ ఐసీ; అది గరిష్ఠంగా 35 వోల్టుల ఇన్‌పుట్‌నే తట్టుకుంటుంది. సాధారణంగా 13 సెల్స్‌ను వరుసగా కలిపి తయారుచేసే మీలాంటి బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయినప్పుడు 54.6 వోల్టులకు చేరుతుంది. అంత వోల్టేజీని తట్టుకునే లీనియర్ రెగ్యులేటర్ దొరికినా, అది మిగులు వోల్టేజీని వేడిగా మార్చి వదిలించుకుంటుంది కనుక, 48 వోల్టుల దగ్గర పరికరం అర ఆంపియరు తీసుకుంటే ఉపయోగపడేది 2.5 వాట్లు, వేడిగా వృథా అయ్యేది 21.5 వాట్లు. అది చిన్న సోల్డరింగ్ ఐరన్ పుట్టించే వేడితో సమానం!

మీకు కావలసింది బక్ కన్వర్టర్. ఇది ఇన్‌పుట్‌ను సెకనుకు వేల సార్లు కలుపుతూ, విడదీస్తూ, ఇండక్టర్‌లో (తీగ చుట్టలో) నిలిచిన శక్తిని తక్కువ వోల్టేజీగా అందిస్తుంది. వృథా చాలా తక్కువ. అయితే విరివిగా దొరికే ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ మాడ్యూళ్లలో మామూలు రకం 40 వోల్టులకే పరిమితం కాబట్టి, కనీసం 60 వోల్టుల రేటింగ్ ఉన్నది, వీలైతే ఇంకా ఎక్కువది ఎంచుకోండి. అవుట్‌పుట్‌ను మల్టీమీటర్‌తో 5 వోల్టులకు సరిచేసిన తరువాతే పరికరాన్ని కలపండి. బ్యాటరీ పాజిటివ్ వైరుకు, బ్యాటరీకి దగ్గరలోనే, 1 ఆంపియరు ఫ్యూజు తప్పనిసరి; దాని డీసీ రేటింగ్ కూడా 60 వోల్టులకు తగ్గకూడదు.

తక్కువ వోల్టేజీ కోసం బ్యాటరీలోని రెండు సెల్స్ నుంచి మాత్రమే వైరు లాగే పని చేయకండి. ఆ రెండూ ముందుగా ఖాళీ అయి ప్యాకు సమతుల్యం దెబ్బతింటుంది.