ఇంట్లోనే ఉన్నావుగా!

చెల్లీ,

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని కథలు రాద్దామంటే ఏ పనీ తెమలట్లేదు, పత్రికలకి పంపినవాటికి జవాబు రావట్లేదు అని రాశావు. ముందు ఆ తెమలకపోవడం సంగతి చూద్దాం. "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ అబ్బాయి వస్తాడు, కాస్త చూడు" అంటారు, నువ్వు లేచి, బండ దింపించుకుని, ఓటీపీ చెప్పి, ఎలాగూ లేచాం కదా అని పప్పు కూడా పొయ్యి మీద పడేసి వచ్చేసరికి సగంలో వదిలిన వాక్యం ఎటు పోవాలో గుర్తుండదు. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా నేను ఆఫీసులో ఉన్నట్టే లెక్క అని ఇంట్లో గట్టిగా చెప్పు. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటారు, ఆనక అలవాటైపోతుంది.

మూడ్ వచ్చాక రాద్దాం అనుకుంటే కరెంటు బిల్లు ముందొస్తుంది. సొంత కథ కదలని రోజు నేను డబ్బులొచ్చే అనువాదం ముందేసుకుంటాను, అదీ సాగకపోతే పాతవాటిలో ముద్రారాక్షసాలు దిద్దుతాను. కుర్చీ మాత్రం వదలను.

కథ పంపి రోజూ మెయిల్ తెరిచి చూసుకోవడాన్ని ఓపిక అనరు, ఉత్త టెన్షన్ అది. ఒకటి పంపిన రోజే రెండోది మొదలుపెట్టు. సంక్రాంతి సంచికకి సంక్రాంతి వారంలో పంపితే ఎవరు వేసుకుంటారు? దసరా వెళ్లగానే పంపాలి. ఎన్నాళ్లకీ ఉలుకూ పలుకూ లేకపోతే ఒకసారి మర్యాదగా అడిగి, వేరేచోటికి పంపేయ్. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకి మాత్రం వద్దు, ఎడిటర్లకి ఒళ్లు మండుతుంది.

డబ్బు దగ్గర మాత్రం ఓపిక పట్టకు. మనవాళ్లకి (రాసేవాళ్లకి మరీనూ) అడగాలంటే మొహమాటం. పదానికెంత, ఎప్పుడిస్తారు అన్నది పని ఒప్పుకునేటప్పుడే మెయిల్లో రాయించుకో. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకో, ఆన్‌లైన్లో ఉచితమే. అది ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం పని తీసుకున్న సంస్థ 45 రోజులు దాటకుండా బిల్లు కట్టాలి, ఆ ముక్క ఇన్వాయిస్ కింద ఒక లైనుగా రాస్తే ఫోన్ చేసి దేబిరించే బాధ కొంత తగ్గుతుంది. 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోసి ఇస్తే ఆ డబ్బు పోయిందనుకోకు, ఆదాయపన్ను సైట్లో నీ పేరిట ఉండే పన్ను లెక్కలో పడిందో లేదో చూసుకుని రిటర్న్ వెయ్యి, పన్ను పడేంత ఆదాయం లేకపోతే వెనక్కి వస్తుంది.

నీ కథ చదివాను. మొదటి పేజీ కొట్టేయ్, అసలు కథ పెళ్లిచూపుల దగ్గరే మొదలవుతోంది. తిరగరాసి ఈ నెలాఖరులోగా పంపు, చూస్తాను.

మీ అక్క