టెక్ సందేహాలు: బ్లాగు చూసి ప్రాజెక్టు రాయొచ్చా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర జడ్పీ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు ఇస్తే, తొమ్మిదో తరగతి పిల్లలు చాలామంది ‘నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది’ అని రాసుకొచ్చారు. అందరూ చూసింది ఒకటే బ్లాగు. క్లాసులో బ్లాగులు వాడటం మానేయాలా? మేమే ఒకటి పెట్టుకుందామనీ ఉంది.

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ వాక్యాన్ని పిల్లల చేతే కొట్టేయించండి. మరిగిస్తే చచ్చేది క్రిములు. ఫ్లోరైడ్ క్రిమి కాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. మరిగించిన కొద్దీ లీటరుకు దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకర్లు తిరిగిన కాళ్లను చూసిన జిల్లా మనది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన పేరే వచ్చింది. అలాంటి చోట పిల్లలు ఈ మాట రాశారంటే నాకు బాధగానే ఉంది.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి. గద్వాల ఇప్పటికీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉందని పిల్లలు బ్లాగు చూసి రాస్తున్నారని పాలమూరు నుంచి ఒక సోషల్ టీచర్ రాశారు. 2016 అక్టోబర్ 11నే అది వేరే జిల్లా అయింది. ‘పేజీ మీద మొన్నటి తేదీ ఉంది కదా’ అంటారు ఆయన. బ్లాగులో ఆ తేదీని రాసినవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. పాత పోస్టుకు కొత్త తేదీ వేయడం ఒక్క నిమిషం పని. అందుకే తేదీని నమ్మకండి. రాసింది ఎవరు, ఏం చేస్తారు, ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చారు అని చూడండి. ఈ మూడింటిలో ఒక్కటీ దొరకకపోతే ఆ పేజీ క్లాసుకు పనికిరాదు. పేరు పెట్టి, ఆధారం చూపి శ్రద్ధగా రాసే ఉపాధ్యాయుల బ్లాగులూ ఉన్నాయి, వాటిని మానొద్దు.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. పిల్లలు ఆ బ్లాగు చూసింది ఎవరి ఫోన్‌లో? నాన్న ఫోన్‌లో. పంట డబ్బులు పడే బ్యాంకు ఖాతా, యూపీఐ, ఓటీపీలు అన్నీ దాంట్లోనే. నోట్స్ బ్లాగుల్లో ‘పీడీఎఫ్ డౌన్‌లోడ్’ అని మూడు నాలుగు బటన్లు మెరుస్తుంటాయి, అసలుది ఏదో పెద్దవాళ్లకే తెలియదు. ఒకటి నొక్కితే పీడీఎఫ్‌కు బదులు ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు దిగుతుంది. ఇన్‌స్టాల్ చేసి, అడిగిందల్లా ‘అలో’ కొడితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి వెళ్లిపోతుంది. ఇక ఓటీపీ వచ్చినప్పుడల్లా అవతలివాడికీ కనిపిస్తుంది. పాఠానికి ఏపీకే ఎప్పుడూ అక్కర్లేదు. ఈ ఒక్క మాట బోర్డు మీద రాయించండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ చెప్పండి, ఆలస్యమైతే దొరకడం కష్టం.

కోపం వచ్చేది ఇంకొకటి. తక్కువ ధర ఫోన్లు చాలావాటికి తొందరగానే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. ఫోన్ మాత్రం ఇంట్లో ఐదారేళ్లు నడుస్తుంది, చివరికి పిల్లల చేతికి వస్తుంది. అన్నిటికంటే రక్షణ తక్కువున్న ఫోన్, అన్నిటికంటే తొందరగా బటన్ నొక్కే చేతుల్లో! అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయించాలి. కెమెరా మెగాపిక్సెళ్లు వేయడానికి చోటు ఉంటుంది, దీనికి ఉండదా?

లింకు గ్రూపులో పడేసి ‘చదువుకోండి’ అనే టీచర్లకూ ఒక మాట. ముందు మీరు తెరిచి, చివరిదాకా చదవండి. పోయినేడు పనిచేసిన లింకే కావచ్చు. ఆ బ్లాగు పేరుకు ఏటా కట్టాల్సిన డబ్బు కట్టకపోతే వేరేవాళ్లు ఆ పేరు కొనుక్కుంటారు, అదే అడ్రసులో బెట్టింగ్ పేజీ తెరుచుకుంటుంది.

మీ సొంత బ్లాగు సంగతి: తప్పకుండా పెట్టండి. మీ సొంత జీమెయిల్‌తో వద్దు, బడికి విడిగా ఒకటి తెరిచి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి మీరేనా అని అడిగేది) ఆన్ చేయండి. కామెంట్లు మీరు చూశాకే బయటికి వచ్చేలా సెట్ చేయండి. పిల్లల ఫొటోలు, ఇంటిపేర్లు, తల్లిదండ్రుల నంబర్లు వేయొద్దు. మొదటి పోస్టుగా ఆ మరిగించిన నీళ్ల ప్రాజెక్టునే పెట్టించండి: ముందు ఏం రాశారు, ఎందుకు తప్పు, మరిగించక ముందు, తర్వాత ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌తో కొలిస్తే ఎంత వచ్చింది.