రక్తనాళం దానంతట అది వెడల్పవుతుందా? అవుతుంది, లోపలి పొర బాగుంటే

"మా నాన్నకు ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ ఇచ్చారు. రక్తనాళాలు వాటంతట అవి వెడల్పు కాలేవా, మాత్రే కావాలా?" అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పినా "రక్తనాళం అంటే పైపు లాంటిది, కొవ్వు పేరుకుంటే మూసుకుపోతుంది" అని మొదలుపెడతారు. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. లోపల నీళ్లు ఎంత వేగంగా పారుతున్నాయో పైపుకేం తెలుసు? రక్తనాళానికి తెలుసు. ఒకే ఒక్క కణం మందం ఉన్న దాని లోపలి పొర, ఎండోథీలియం, ఆ పని చూసుకుంటుంది.

నేను ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ చేశాను. ఇప్పుడు మందుల షాపు నడుపుతున్నాను, అది వేరే కథ. మా ప్రాజెక్టులో ఎలుక బృహద్ధమనిని చిన్న రింగులుగా కోసి, 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో (ఒంట్లోని ద్రవాన్ని పోలిన ఉప్పు నీరు) రెండు కొక్కేల మధ్య వేలాడదీసేవాళ్లం. ఆక్సిజన్ బుడగలు అందుతుంటే ఆ ముక్క గంటల తరబడి బతికే ఉంటుంది. ఫినైల్‌ఎఫ్రిన్ వేస్తే బిగుసుకుంటుంది, రికార్డరు మీద గీత పైకి లేస్తుంది. తర్వాత అసిటైల్‌కొలీన్ వేస్తే వదులై గీత కిందికి దిగాలి.

మాకు దిగలేదు. ఎన్ని రింగులు మార్చినా గీత పైనే. మా గైడ్ గారు "మందు పాతబడింది" అని తేల్చేశారు. కొత్త సీసా కోసం ఇండెంటు, దాని మీద సంతకాలు, స్టోర్సు చుట్టూ తిరగడం... మన కాలేజీల్లో పరిశోధన అంటే సగం ఇదే. సీసా వచ్చింది, గీత కదల్లేదు. అప్పుడు తప్పు ఎలుకల మీదికి పోయింది.

చివరికి పక్క ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఒకామె వచ్చి చూసింది. "లోపల దేనితో తుడుస్తున్నారు?" అని అడిగింది. రక్తం చుక్క కూడా మిగలకూడదని సారు చెప్పారు కాబట్టి దూది చుట్టిన తీగతో తుడుస్తున్నాం. ఆమె ఇంకేం మాట్లాడకుండా తాజా ముక్క తీసుకుని, సిరంజితో ద్రావణం మెల్లగా లోపలికి పోనిచ్చి రక్తం కడిగేసి, లోపలి గోడకు గీసుకోకుండా కొక్కేలు ఎక్కించింది. అసిటైల్‌కొలీన్ వేసింది. గీత జారుతూ వచ్చేసింది. తర్వాత మేం తుడిచిన పాత రింగులోనే సోడియం నైట్రోప్రుసైడ్ వేసింది, అది లోపలి పొరతో పని లేకుండా నాళం గోడలోని కండను నేరుగా వదులు చేసే మందు. అదీ వదులైపోయింది. "కండకేం కాలేదురా, దానికి చెప్పేవాళ్లనే మీరు తుడిచేశారు" అంది. సారు మాత్రం "చూశారా, కొత్త మందు పనిచేసింది" అన్నారు.

అమెరికాలోని బ్రూక్లిన్‌లో శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్‌కు ఎదురైన చిక్కు కూడా ఇదే. ఒంట్లోకి ఎక్కిస్తే రక్తపోటు తగ్గించే అసిటైల్‌కొలీన్, విడిగా తీసిన కుందేలు ధమని ముక్కను మాత్రం బిగించేది. ముక్కలు తయారుచేసేటప్పుడు లోపలి పొర రాసుకుపోతోందని ఆయన తర్వాత పట్టుకున్నారు. అంతటితో ఆగలేదు. పొర పోయిన ముక్కను పొర ఉన్న ముక్కకు ఆనించి పెట్టి చూస్తే, పొర లేనిదీ వదులైంది! అంటే పొరలోంచి ఏదో వెళ్లి కండకు చెబుతోందన్నమాట. 1980లో ఆ సంగతి ప్రచురించారు. ఆ 'ఏదో' నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని 1987 నాటికి తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. ఆ వాయువును కొలిచి చూపించిన వాళ్లలో ముఖ్యుడైన మొంకాడాకు రాలేదు. నాకైతే అది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇక మీ నాన్నగారి సంగతి. నడిచినప్పుడు రక్తం ఉరవడి పెరిగి ఈ పొరను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి పొర ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది, అది పక్కనున్న కండలోకి పాకి దాన్ని వదులు చేస్తుంది. సిగరెట్, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ ఈ తయారీనే దెబ్బతీస్తాయి. నన్నడిగితే గుండె జబ్బు మొదలయ్యేది కొవ్వుతో కాదు, ఈ పొర పాడవడంతోనే. డాక్టర్లు కొందరు ఒప్పుకోరు, నేను వాదిస్తాను. సార్బిట్రేట్ ఒంట్లోకి వెళ్లాక అదే నైట్రిక్ ఆక్సైడ్‌గా పనిచేస్తుంది, పొర అడ్డు లేకుండా నేరుగా కండకే అందుతుంది. మా పాత రింగులో నైట్రోప్రుసైడ్ చేసిన పనే ఇది. కాబట్టి నాళాలు వాటంతట అవి వెడల్పవుతాయి, కానీ పొర దెబ్బతిన్నవాళ్లకు నొప్పి వేళ ఆ సాయం సరిపోదు. నడక మానొద్దు, మాత్రా మానొద్దు.

మా షాపుకొచ్చే జిమ్ కుర్రాళ్లు ఆర్జినిన్ పొడి డబ్బాలు అడుగుతారు, వేలు పోస్తారు. అదే చేత్తో సిగరెట్ ముట్టిస్తారు. వాళ్లకు చెప్పడం మానేశాను.

మాత్ర వేసుకునేటప్పుడు నాన్నగారిని కూర్చోబెట్టండి, నిలబడి వేసుకుంటే బీపీ తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు. తలనొప్పి రావచ్చు, అది తలలోని నాళాలూ వెడల్పవడం వల్లే. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఇంకొకటి, పెద్దవాళ్లు ఇంట్లో చెప్పడానికి మొహమాటపడేది: వయాగ్రా రకం మాత్రలు వాడుతున్నారేమో డాక్టరు గారిని విడిగా అడగమనండి. అవీ ఇదీ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. షాపులో నేను అడిగితే పక్కన కొడుకు నిలబడి ఉంటాడు, ఎవరూ నిజం చెప్పరు.