‘దేవుని నడిపింపు’ తప్పు తెలుగా?

సందేహం: మా సంఘంలో అందరూ ‘ప్రభువా, నీ నడిపింపు దయచేయి’ అని ప్రార్థిస్తారు. అది చర్చివాళ్లు పుట్టించుకున్న మాట, ‘మార్గదర్శకత్వం’ అనాలి అంటున్నాడు ఓ మిత్రుడు. నిజమేనా?

సమాధానం: కాదండీ. గుర్తించు నుంచి గుర్తింపు, చెల్లించు నుంచి చెల్లింపు ఎలా వచ్చాయో నడిపించు నుంచి నడిపింపూ అలాగే వచ్చింది. చర్చి బయట అంతగా వినపడదు కాబట్టి మీ మిత్రుడికి కొత్తగా అనిపించి ఉండొచ్చు, అంతే.

అసలు ఈ సందర్భానికి మార్గదర్శకత్వం చాలదు. దారి చూపినవాడు ఉన్నచోటే ఉండిపోవచ్చు, నడిపించేవాడు వెంట రావాలి. బైబిల్లో నిర్గమకాండం 13:21 తీసి చూడండి, ఐగుప్తు నుంచి బయటికొచ్చిన ఇశ్రాయేలీయుల్ని ‘నడిపించుటకై’ దేవుడు పగలు మేఘస్తంభంలో, రాత్రి అగ్నిస్తంభంలో ఉండి వాళ్లకు ‘ముందుగా నడచుచు’ వచ్చాడని ఒక్క వాక్యంలోనే రెండు మాటలూ ఉన్నాయి. తర్వాతి అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో సైన్యం తరుముకొస్తే, ముందున్న ఆ స్తంభమే వెనక్కి వచ్చి రెండు దండుల మధ్య అడ్డంగా నిలిచింది, రాత్రంతా ఆ సైన్యం వీళ్ల దగ్గరికి రాలేకపోయింది. దీన్ని దారి చూపడం అని ఎలా సరిపెట్టుకుంటాం?

అలాగని వాళ్లకు నడక తప్పలేదు. మామూలుగా బండిని నడుపుతాం అంటాం, మనిషిని నడిపిస్తాం అంటాం, ఎందుకంటే కాళ్లు ఆ మనిషివే. సంఖ్యాకాండం 9లో ఆ మేఘం దేవుని గుడారమైన మందిరం మీద రెండు రోజులున్నా, నెల ఉన్నా, ఏడాది ఉన్నా ప్రజలు దిగినచోటే ఉండేవాళ్లు, అది లేస్తే పగలైనా రాత్రయినా బయలుదేరేవాళ్లు. పిల్లాజెల్లా, పశువులూ, విప్పాల్సిన గుడారాలూ ఉన్నవాళ్లకు అదెంత టెన్షనో! (ఇలా ఎదురుచూడటాన్నే మన బైబిల్ తెలుగులో ‘కనిపెట్టుకొని ఉండు’ అంటారు, కొత్తది కనుక్కోవడం అనే అర్థంతో దానికి పనిలేదు.)

ఇంకోటి. మేఘం ఉండగానే వాళ్ల నాయకుడు మోషే తన బంధువు హోబాబును, ఎడారిలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కళ్లలా ఉండు, వెళ్లిపోవద్దు అని అడిగాడు (సంఖ్యా 10:31). నడిపింపు కోసం ప్రార్థిస్తూనే తెలిసినవాళ్ల సలహా అడిగితే అది అవిశ్వాసమని కొందరు అంటుంటారు, నేను మాత్రం ఒప్పుకోను. అపొస్తలుల కార్యములు 16లో ఊరూరా సువార్త చెబుతూ తిరిగే పౌలుకు ఆసియలో (అప్పటి ఒక రోమా రాష్ట్రం, ఇప్పటి ఆసియా ఖండం కాదు) వాక్యం చెప్పొద్దని దేవుని ఆత్మ నుంచి అడ్డు వచ్చింది, బితూనియకు పోబోతే మళ్లీ అడ్డు, చివరికి త్రోయలో రాత్రి దర్శనం వచ్చాకే మాసిదోనియ దారి తెలిసింది. అదీ నడిపింపే.

ఒక్క సవరణ మాత్రం చెబుతాను. రోమా పత్రిక 8:14లో ‘నడిపింపబడుదురో’ అని ఉందని మామూలు మాటల్లో కూడా ‘నేను ఆత్మచేత నడిపింపబడుతున్నాను’ అనక్కర్లేదు. ‘ఆత్మ నన్ను నడిపిస్తున్నాడు’ అంటే హాయిగా ఉంటుంది.